పునరుద్ధరణాభ్యాసము

తాండూరు చెంతనో, జగ్గయ్యపేట ప్రాంతముననో ఉన్న సిమెంటు కర్మాగారమొకదానిలో నెలాఖరునాటి సాయంకాలము లారీలు బారులు తీరి నిలిచియుండగా, కాటాపై తూకము ముగిసిన పిదప ఇన్వాయిసు వెలువడవలసిన తెర నిశ్చేష్టమైపోయినచో, దానివలన కలుగు నష్టమెట్టిదో గేటుకడనున్న గుమాస్తా మొదలు పై యంతస్తులోనున్న ఆర్థికాధికారి వరకు అందరికిని క్షణములో తెలియును. 50,000 రూపాయల విలువను మించిన సరకు సాధారణముగా ఈ-వే బిల్లు లేనిదే రహదారి నెక్కరాదు. ఇన్వాయిసు లేనిదే ఆ బిల్లు పుట్టదు. ఆ ఇన్వాయిసును పుట్టించు ఈఆర్‌పీ అప్లికేషనో, ఎచ్చటనో శీతలీకృతమైన గదిలో అహోరాత్రములు నడచుచుండు కొన్ని సర్వర్లపైనను, వాని వెనుకనున్న డేటాబేసుపైనను, స్టోరేజిపైనను, నెట్‌వర్కుపైనను ఆధారపడియున్నది. వ్యాపారము సుఖముగా సాగినన్నాళ్లు ఆ సర్వర్లను కనిపెట్టుకొనియుండు మనిషి పేరు గేటుకడ నెవరికిని తెలియదు. తెర నిలిచిపోయిన నిమిషమున మాత్రము అందరును అతనినే, లేక ఆమెనే, వెదకుదురు. అట్టి నిమిషమునకు తగిన మనుష్యులను ఎట్లు సిద్ధపరుపవలెనను ప్రశ్నయే ఈ అధ్యాయమునకు విషయము.

నా నిశ్చితాభిప్రాయమును మొదటనే నివేదింతును. సర్వరు నిర్వహణమును నేర్పువారు నేడు సాధారణముగా ఇన్‌స్టలేషనుతో ప్రారంభించి, యూజర్లు, పర్మిషన్లు, నెట్‌వర్కు, మానిటరింగు మొదలగు ప్రకరణములను వరుసగా దాటి, కాలము మిగిలినచో చివరి దినమున బ్యాకప్పును, రిస్టోరును చూపి ముగించుచున్నారు. ఈ క్రమము తలక్రిందులు కావలెనని నేను కోరుచున్నాను. పడిపోయినదానిని తిరిగి నిలువబెట్టుట మొదటి పాఠమై, తక్కిన పాఠములన్నియు దానిని చుట్టుకొని పెరుగవలెను. తాను కూల్చినదానిని తన చేతులతోనే మరల నిలిపిన అభ్యాసికి, ఏ ఫైలు ఎచ్చట నుండునో, ఏ సర్వీసు దేనిని నమ్ముకొని నడచునో, ఏది లేకున్నను పని సాగునో, ఏది లేనిదే సాగదో, ఒకరు చెప్పకయే తెలియవచ్చును. ఆ తెలివితో పాటు, చక్కగా నడచుచున్న యంత్రముపై చేయి వేయుటకు ముందు క్షణకాలమాగి ఆలోచించు వివేకమును అలవడును.

హైదరాబాదులోని అమీర్‌పేటలో, మైత్రీవనము పరిసరముల నడచినవారికి, లినక్సు అడ్మినిస్ట్రేషను, విండోసు సర్వరు, ఎస్‌ఏపీ బేసిసు, ఒరకిల్ డీబీఏ అను ప్రకటనలు అడుగడుగునను కనబడును. ఆ సంస్థలను చులకన చేయుట నాకు సమ్మతము కాదు. ఇంజనీరింగు పట్టా చేతబట్టుకొని జిల్లాలనుండి వచ్చి, హాస్టలు గదులలో నలుగురైదుగురు సర్దుకొని కాలము గడపి, అచ్చట నేర్చిన విద్యతో మొదటి ఉద్యోగమును సంపాదించి కుటుంబములను నిలబెట్టిన యువతీయువకులు అనేకులు గలరు; అది చిన్న ఉపకారము కాదు. అయినను ఆ విద్యలో నొక లోపము కలదు. అభ్యాసి తన ల్యాప్‌టాపులో నొక వర్చువల్ మెషీనును నెలకొల్పి, అందు కమాండ్లను సాధన చేయును. ఆ యంత్రమున ఎవరి జీతాల లెక్కయు లేదు, ఎవరి సరకు పద్దును లేదు. అది చెడినచో తుడిచివేసి మరియొకటి పెట్టుకొనుటకు కొలది నిమిషములు చాలును. కావున చెడగొట్టుటలోని భయముగాని, బాగుచేయుటలోని బాధ్యతగాని అభ్యాసికి అనుభవమునకు రావు. ఇక ఇంటర్వ్యూ ప్రశ్నల పట్టికలను వల్లె వేయించుటవలనను, పరీక్షల డంపులను పంచుటవలనను సర్టిఫికెట్టు చేతికి వచ్చునేమో గాని, రాత్రి 2 గంటలకు డిస్కు నిండి డేటాబేసు నిలిచిపోయినపుడు దానివలన ప్రయోజనము లేదు.

పరీక్ష యెట్లుండదగునో తెలియగోరువారు రెడ్‌హ్యాట్ సంస్థవారి పద్ధతిని చూడవచ్చును. వారి లినక్సు నిర్వాహకుల పరీక్షలో నాలుగు సమాధానములలో నొకదానిని గుర్తించు పని లేదు. అభ్యర్థి నిజముగా సిస్టము ముందు కూర్చుండి పనులు చేసి చూపవలెను, చేసిన ఏర్పాటు రీబూటు తరువాత కూడ నిలిచియుండిననే మార్కులు లభించును. ఈ చిన్న నిబంధనలో వృత్తిమర్మము చాల ఇమిడియున్నది. ఎన్నడో ఎవరో తొందరలో చేతితో మార్చి, కాన్ఫిగరేషను ఫైలులో వ్రాయక విడిచిన మార్పు, కరెంటు పోయి వచ్చిన రాత్రి బయటపడి సర్వీసును లేవనీయకుండుట ఈ పనిలోనున్న వారందరికిని పరిచితమైన విషయమే.

2017 జనవరి 31 రాత్రి, ప్రోగ్రాముల కోడును భద్రపరచు సేవను నడుపు గిట్‌ల్యాబ్ అను సంస్థలో జరిగినదానిని ప్రతి శిక్షణాలయమునందును సవిస్తరముగా బోధింపవలెనని నా కోరిక. ఏలననగా ఆ సంస్థ తన దురవస్థను దాచక, పునరుద్ధరణ ప్రయత్నమును యూట్యూబులో ప్రత్యక్షముగా చూపి, పిమ్మట జరిగిన సమస్తమును వ్రాసి లోకమునకు ప్రకటించెను. ఆ రాత్రి ప్రధాన డేటాబేసు సర్వరుపై భారము మితిమీరి, దాని ప్రతిని నిలుపుకొనుచుండు రెండవ సర్వరు వెనుకబడిపోయెను. రెండవదానిలోని డేటాను తుడిచి, ప్రతిని మొదటినుండి మరల ఎక్కించుట అవసరమయ్యెను. అప్పటికి చాల ప్రొద్దుపోయినది. ప్రయత్నములు ఒకదాని వెంట నొకటి విఫలమగుచున్నవి. ఆ స్థితిలో ఇంజనీరొకరు తొలగింపు కమాండును రెండవ సర్వరుపై నిచ్చుచున్నామని తలచి మొదటిదానిపై నిచ్చిరి. ఒకటి రెండు సెకండ్లలోనే పొరపాటును గ్రహించి ఆపిరి గాని, అప్పటికే సుమారు 300 గిగాబైట్లలో 4.5 గిగాబైట్లు మాత్రమే మిగిలియుండెను.

ఇంతవరకు జరిగినది ఎచ్చటనైనను, ఎవరికైనను జరుగదగినదే. శిక్షకుడు ఆగి, తొందరపడక వివరింపవలసినది తరువాతి ఘట్టము. ప్రతిదినము డేటాబేసు ప్రతిని తీసి వేరుచోట దాచవలసిన ఏర్పాటు చాలకాలముగా పనిచేయుటయే లేదని ఆ రాత్రి తెలిసెను: డేటాబేసు పోస్ట్‌గ్రెస్ 9.6 వెర్షనుది కాగా, ప్రతి తీయు సాధనము 9.2 వెర్షనుది యగుటచే అది ప్రతిసారియు తప్పిదముతో ముగియుచుండెను. తప్పిదమును తెలుపు ఈమెయిళ్లు బయలుదేరుచునే యుండెను గాని, మెయిలు వ్యవస్థ వానిని తిరస్కరించుచుండుటచే ఎవరికిని చేరలేదు. డిస్కు స్నాప్‌షాట్లు తీయు సదుపాయము తక్కిన సర్వర్లకు కలదు గాని డేటాబేసు సర్వర్లకు ఏర్పరుపబడియుండలేదు. తుదకు రక్షించినది, సుమారు ఆరు గంటలకు పూర్వము అదే ఇంజనీరు వేరొక ప్రయోగము నిమిత్తము చేతితో తీసియుంచిన స్నాప్‌షాటు. దాని నుండి సైటును నిలుపుటకు దాదాపు 18 గంటలు పట్టెను. ఆరు గంటల డేటా పోయెను. అందు సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలు ఉండెను. కోడు రిపాజిటరీలు వేరుగా నుండుటచే అవి దక్కినవి.

ఈ వృత్తాంతమును విన్న అభ్యాసికి మొదట తోచునది, తప్పు సర్వరుపై కమాండు ఇయ్యరాదని. అది నిజమే. ఆ సంస్థవారు కూడ ప్రొడక్షను టెర్మినలుకు ఎరుపు రంగును, స్టేజింగు టెర్మినలుకు పసుపు రంగును పెట్టుకొనవలెనని తమ కర్తవ్యముల పట్టికలో వ్రాసికొనిరి. ప్రతి అభ్యాసియు మొదటి దినముననే ఈ పని చేసికొనవలెను. కాని ‘జాగ్రత్తగా నుండుము’ అని హెచ్చరించి విడుచుట బోధన కానేరదు. అలసిన మనిషి అర్ధరాత్రమున పొరపడును. దానిని మాన్పు మందు లేదు. మాన్పదగినది మరియొకటి కలదు: బ్యాకప్పు ఆగిపోయిన సంగతి ఎవరికిని తెలియకుండ గడచిన దినములు. ఆ దినములలో ఏ యొక్కనాడైనను ఒక అభ్యాసిని కూర్చుండబెట్టి ‘నిన్నటి బ్యాకప్పునుండి ఈ డేటాబేసును వేరొక యంత్రముపై నిలుపుము’ అని ఆజ్ఞాపించియుండినచో, ఆ లోపము మధ్యాహ్నమునకే బయటపడియుండును. రిస్టోరు చేసి చూడని బ్యాకప్పును లెక్కలోనికి తీసికొనరాదని నేను నొక్కి చెప్పుటకు కారణమిదియే.

కావున ఆ అభ్యాసము ఎట్లు జరుగవలెనో కొంత విపులముగా వ్రాయుదును. అభ్యాసికి ఒక ఖాళీ యంత్రమును, చేయవలసిన పనుల క్రమమును వ్రాసియుంచిన రన్‌బుక్కును, గత రాత్రి బ్యాకప్పును మాత్రమే ఈయవలెను. ప్రొడక్షను సర్వరునకు దారి మూసివేయవలెను. నిజముగా ఆ సర్వరు దగ్ధమైపోయిన దినమున దాని నుండి ఒక ఫైలునైనను తెచ్చుకొను వీలుండదు గదా. ప్రారంభ సమయమును కాగితముపై వ్రాయవలెను. సీనియరు వెనుక కూర్చుండవచ్చును గాని నోరు మెదపరాదు. అభ్యాసి ఆగిపోయిన ప్రతి చోటును గుర్తించుకొనుట ఆయన పని. ఇట్లు చేయించినపుడు ఏమేమి బయటపడునో అనుభవజ్ఞులకు తెలియును. బ్యాకప్పును ఎన్‌క్రిప్టు చేసిన పాస్‌వర్డు, పోయినదనుకొన్న ఆ సర్వరులోనే దాచబడియుండును. డేటాబేసు వచ్చును గాని అప్లికేషను కాన్ఫిగరేషను ఫైళ్లు బ్యాకప్పులో చేరియుండవు. ఎస్‌ఏపీ వంటి వ్యవస్థలలో లైసెన్సు హార్డ్‌వేర్ కీతో ముడివడియుండుటచే కొత్త యంత్రమునకు కొత్త లైసెన్సు కావలసివచ్చును. అది ఎవరి లాగిన్‌తో తెప్పింపవలెనో రన్‌బుక్కులో నుండదు. వీనియన్నిటికంటె అపాయకరమైనది మరియొకటి: నిలబెట్టిన ప్రతిలోని షెడ్యూల్డు జాబులు మేల్కొని, ఇది అభ్యాసమని యెరుగక, నిజమైన కస్టమర్లకు మెయిళ్లను, నిజమైన బ్యాంకునకు చెల్లింపు ఫైళ్లను పంపజూచును. అందువలన ప్రతిని బయటి ప్రపంచమునుండి వేరుచేసిన నెట్‌వర్కులోనే నిలుపవలెను. ఈ జాగ్రత్త తీసికొనక అభ్యాసము నారంభింపరాదు.

పని ముగిసినదని ప్రకటించు అధికారము అభ్యాసికిగాని సీనియరునకుగాని ఉండరాదు. అకౌంట్సు విభాగమునుండి ఒకరు వచ్చి, లాగిన్ అయి, చివరి ఇన్వాయిసు సంఖ్యను తమ పుస్తకముతో సరిచూచి, నిన్నటి నగదు నిల్వను పరిశీలించి, ఒక ఇన్వాయిసును ప్రింటు తీసి ‘సరియే’ అనవలెను. అప్పుడే గడియారమును ఆపవలెను. ఇందుకు పట్టదగిన కాలమునకు ముందే విధించు పరిమితిని వృత్తిభాషలో ఆర్‌టీఓ అందురు. పోయిన డేటా ఎంత సేపటిదో దానికి సంబంధించిన పరిమితిని ఆర్‌పీఓ అందురు. ఈ రెండు అక్షరసమూహములను బట్టీయము పట్టిన అభ్యాసులు కోకొల్లలు. వానిని అకౌంట్సువారి యెదుట ‘ఎన్ని గంటల పనిని మీరు మరల టైపు చేయగలరు? ఎంతసేపు వేచియుండగలరు?’ అను ప్రశ్నలుగా మార్చి అడుగగలిగిన నాడే అవి వారికి అర్థమైనట్లు.

సేవ అవిచ్ఛిన్నముగా సాగు కాలమును శాతములలో చెప్పు వాడుక కలదు. దానిని అభ్యాసి తన చేతితో గుణించి చూడవలెను. 99.9 శాతమనగా సంవత్సరమునకు సుమారు 8 గంటల 45 నిమిషములు నిలిచిపోవచ్చునని. 99.99 శాతమనగా సుమారు 52 నిమిషములు. 99.999 శాతమైనచో 5 నిమిషములకు కొంచెము ఎక్కువ. నిద్రలోనున్న మనిషికి ఫోను మ్రోగి, అతడు లేచి, ల్యాప్‌టాపు తెరచి, వీపీఎన్ ద్వారా ప్రవేశించుటకే ఆ 5 నిమిషములు చాలవు. ఈ లెక్కను చేసిన అభ్యాసి, మనుష్యుల మేల్కొలుపుతో సాధింపదగిన దెంతయో, ఒకటి పడినను మరియొకటి అందుకొనునట్లు ముందుగనే నిర్మించుటవలన మాత్రమే సాధింపదగిన దెంతయో తానుగనే విడదీసికొనును. మేనేజరు కాగితముపై వ్రాసిన తొమ్మిదులకు తగిన ధనము వ్యయపరుపబడినదా యని అడుగుటకు ధైర్యమును వచ్చును.

పడినదానిని లేపుట యెరిగిన తరువాత, మార్పు చేయుట నేర్పవలెను. 2012 ఆగస్టు 1న అమెరికాలోని నైట్ క్యాపిటల్ అను షేర్ల వ్యాపార సంస్థకు పట్టిన గతి ఇందుకు తగిన పాఠము. న్యూయార్కు స్టాక్ ఎక్స్ఛేంజిలో ఆనాడు మొదలైన కొత్త పథకమునకై ఆ సంస్థ తన ప్రోగ్రామును మార్చి, ఎనిమిది సర్వర్లపై పెట్టవలసియుండగా, టెక్నీషియను ఏడింటిపై పెట్టి ఎనిమిదవదానిని మరచెను. రెండవ మనిషి సరిచూడలేదు. ఆ ఎనిమిదవ సర్వరులో, 2003లోనే వాడుక మానిన పాత కోడు తొలగింపబడక మిగిలియుండెను. కొత్త ప్రోగ్రాము ఉపయోగించిన ఫ్లాగు దానిని మేల్కొలిపెను. 212 ఆర్డర్లను నెరవేర్పబోయి 45 నిమిషములలో 40 లక్షలకు పైగా ఆర్డర్లు మార్కెట్టులోనికి ప్రవహించినవి; నష్టము 44 కోట్ల డాలర్లను మించెను. మార్కెట్టు తెరచుటకు ముందే ఆ లోపమును సూచించు 97 ఈమెయిళ్లను యంత్రము పంపియుండెను. వానిని ఎవరును చదివి చర్య గైకొనలేదు. ఇంతకంటె దుఃఖకరమైనది తరువాత జరిగినది: కంగారులో వారు సరియైన ఏడు సర్వర్లనుండి కొత్త ప్రోగ్రామును తీసివేసిరి, తత్ఫలితముగా ఆ ఏడింటను కూడ పాత కోడే మేల్కొనెను.

ఈ కథలోని ప్రతి ఘట్టమునకు అనురూపమైన అభ్యాసమును కల్పింపవచ్చును. ఎనిమిది సర్వర్లలో నొకదానిని సీనియరు రహస్యముగా పాత స్థితిలో నుంచి, తేడా ఎందున్నదో కనుగొనుమని అభ్యాసుల నడుగవలెను. మార్పు చేయుటకు ముందే రోల్‌బ్యాక్ విధానమును వ్రాయించి, ఆ రోల్‌బ్యాకును కూడ టెస్టు సర్వరుపై నడిపింపవలెను. ఏలననగా విపత్కాలమున వెనుకకు పోవుట కూడ నొక మార్పే, అదియును పరీక్షింపబడనిచో ముందడుగు వలెనే ప్రమాదకరము. యంత్రము పంపు హెచ్చరికలలో వ్యర్థమైనవానిని తొలగించు పనిని అభ్యాసికి అప్పగింపవలెను. రోజుకు వందల హెచ్చరికలు వచ్చు మెయిలు పెట్టెను మనుష్యమాత్రుడు చదువడు, చదువలేదని నిందించి లాభము లేదు.

అప్లికేషను ఎవరి కొరకు నడచుచున్నదో తెలియని నిర్వాహకుడు సగము నిర్వాహకుడే. మైక్రోసాఫ్టువారు తమ పాచ్‌లను ప్రతి నెల రెండవ మంగళవారమున విడుదల చేయుదురు. ఆ మంగళవారము ఎప్పుడును 8వ తేదీకిని 14వ తేదీకిని నడుమనే వచ్చును. నెలనెల జీఎస్‌టీ దాఖలు చేయు వ్యాపారులకు జీఎస్‌టీఆర్-1 గడువు 11వ తేదీ, జీఎస్‌టీఆర్-3బీ గడువు 20వ తేదీ. జీతములు నెలాఖరున. ఈ తేదీలను గోడపై వ్రాసికొనని సర్వరు బృందము, శాస్త్రప్రకారము సరియైన పాచ్‌ను సరికాని రాత్రి వేసి, అకౌంట్సువారి యాగ్రహమునకు పాత్రమగును. అభ్యాసిని మొదటి నెలలో రెండు మూడు దినములు డేటా సెంటరునుండి తప్పించి, బిల్లింగు కౌంటరు కడను, గోదాములోను కూర్చుండబెట్టుట మేలు. సర్వరు రెండు నిమిషములు మందగించినపుడు అచ్చట మనుష్యులేమి చేయుదురో, చేతివ్రాత చీటీలపై సరకు ఎట్లు కదలునో కన్నులార చూచినవారికి, మెయింటెనెన్సు కాలమును ఎంచుకొనుటలో ఒకరి బోధ అక్కరలేదు.

పూర్వము మన గ్రామములలో చెరువును కాచు నీరటికాడు, వానలు పడకముందే కట్టపై నడచి, తూము వద్ద ఊటను, అలుగు వద్ద పగులును చూచికొనెడివాడు. గండి పడిన పిమ్మట పరుగెత్తుటకంటె ఆ నడకయే అతని వృత్తి. సర్వరు నిర్వాహకునికిని అట్టి నడక కలదు. దినారంభమున డిస్కు ఎంత నిండినదో, గత రాత్రి బ్యాకప్పు పరిమాణము మొన్నటిదానితో సమముగా నున్నదో లేదో, సర్టిఫికెట్ల గడువు ఎన్నడు తీరునో, లాగ్‌లలో నిన్న లేని వాక్యమేదైనను నేడు కనబడుచున్నదో చూచి, చూచినదానిని వ్రాసియుంచుట. బ్యాకప్పు పరిమాణము హఠాత్తుగా కొన్ని బైట్లకు తగ్గినను, జాబు మాత్రము ‘సక్సెస్’ అనియే చూపుచుండుట ఉండును. ఆ పచ్చని గుర్తును నమ్మక సంఖ్యను చూచు కన్ను అలవాటువలననే వచ్చును.

గూగుల్ సంస్థవారు తమ సైట్ రిలయబిలిటీ ఇంజనీర్ల శిక్షణలో ఒక క్రీడను వాడుదురు. గతమున జరిగిన యొక విపత్తును శిక్షకుడు కథగా నడుపుచుండగా, అభ్యాసి ‘నేనిప్పుడు ఈ లాగ్ చూతును, ఈ సర్వీసు స్థితిని అడుగుదును’ అని నోటితో చెప్పుచు దారి వెదకికొనును. దీనికి ఖర్చు లేదు. ఒక గది, అరగంట కాలము చాలును. మన సంస్థలలోను వారమునకొకసారి జరుపవచ్చును. అయితే దీనికొక నియమము కావలెను: అందు తప్పు చేసిన మనిషి పేరు రాకూడదు. ఎవరు చేసిరని కాక, ఏ పరిస్థితిలో ఆ మనిషికి అది సరిగా తోచినదో వివరింపవలెను. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ ఎస్3 సేవ గంటల తరబడి నిలిచిపోయినపుడు, ఒక కమాండులో తప్పు విలువ ఇచ్చుటచే అనుకొన్నదానికంటె ఎక్కువ సర్వర్లు తొలగినవని ఆ సంస్థ వెల్లడించెను. ఆ ఉద్యోగి పేరును ప్రకటింపలేదు. ఆ సాధనము అంత వేగముగా, అన్ని సర్వర్లను తొలగింపజాలకుండునట్లు దానిని మార్చితిమని మాత్రము వ్రాసెను. పేరు పెట్టి నిందించు చోట అభ్యాసులు త్వరగా నేర్చునది ఒక్కటే: దాచుట. దాచిన బృందములో తరువాతి విపత్తు పెద్దదై వచ్చును.

హైదరాబాదునందలి అనేక బృందములు అమెరికా పగటివేళకు అనుగుణముగా రాత్రి షిఫ్టులలో పనిచేయుచున్నవి. ఆ వేళలలో తొలి అడుగు వేయు అభ్యాసికి కొన్ని మాటలు చెప్పి ముగింతును. ఫోను మ్రోగిన వెంటనే సమయమును వ్రాసికొనవలెను. పది నిమిషములు చూచుటకే వినియోగింపవలెను: ఏది పనిచేయుట లేదు, ఏది చేయుచున్నది, చివరి మార్పు ఎప్పుడు, ఎవరిచే జరిగినది. రీస్టార్టు చేయుటకు ముందు లాగ్‌లను వేరుచోట దాచవలెను. రీస్టార్టు తరువాత సాక్ష్యము మాసిపోవచ్చును. పది నిమిషములలో దారి దొరకనిచో సీనియరును లేపవలెను, సందేహింపరాదు. లేపినందుకు విసుగుకొను సీనియరు శిక్షకుడుగా నుండదగడు. షిఫ్టు మారునపుడు ‘అంతయు బాగుగ నున్నది’ అను వాక్యము హ్యాండోవరు కాదు. తెరచియున్న టికెట్లు, సగములో నిలిచిన పనులు, అనుమానముగా తోచిన విషయములు వ్రాయబడవలెను.

ప్రొడక్షనుపై మొదటి మార్పును అభ్యాసియే చేయవలెను. సీనియరు ప్రక్కన కూర్చుండవలెను. ప్రతి కమాండును ఎంటరు కొట్టుటకు ముందు అభ్యాసి బిగ్గరగా చదువవలెను, ఏ సర్వరుపై నున్నాడో పేరు చెప్పవలెను, దాని ఫలితమేమి కాగలదో ముందే పలుకవలెను. సీనియరు ‘ఊ’ అన్న పిదపనే ఎంటరు. ఫలితము చెప్పినదానికి భిన్నముగా వచ్చినచో, అది చిన్న భేదమైనను, అచ్చటనే ఆగవలెను. మార్పు ముగిసిన తెల్లవారుజామున, నిద్రకు పోవుటకు పూర్వము, రన్‌బుక్కులో తనకు అడ్డుతగిలిన పంక్తులను అభ్యాసి దిద్దవలెను. మరునాడు ఆ దిద్దిన ప్రతిని పట్టుకొని, ఆ పనిని ఇంతవరకు చేయని మరియొక అభ్యాసి టెస్టు సర్వరుపై మొదటినుండి చేసి చూపవలెను.